హెరాల్డ్ వెనక హబ్: బోల్టు తిరిగింది, హబ్ కదల్లేదు

ఒకే కారు, ఒకే ఇరుసు, రెండు పక్కలా ఒకే పని: వెనక చక్రం బిగించే హబ్‌ని ఊడదీయడం. ఎడమ వైపు నాకు పదకొండు రోజులు పట్టింది, ఒక హబ్ పాడైంది. కుడి వైపు మూడో రోజు పొద్దున ఏ నష్టం లేకుండా ఊడివచ్చింది. తేడా తుప్పులో కొంత ఉంది, నా బుర్రలో ఎక్కువ ఉంది. అందుకే ఈ కేసు రాసిపెడుతున్నాను. ఓనరు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆయన ఎవరో తెలిసే వివరాలు తీసేశాను, ఒకట్రెండు మార్చాను.

బండి, దాని చరిత్ర

బండి స్టాండర్డ్ హెరాల్డ్, రెండు డోర్లది. బ్రిటన్‌లో ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో వచ్చింది. గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు మన దగ్గర తయారు చేశారు. 948 సీసీ ఇంజన్, విడి ఛాసిస్, ముందు రెక్కలతో సహా మొత్తంగా ముందుకు లేచే బానెట్. ఆ బానెట్ ఎత్తితే ముందు టైరు మీదే కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. ఇంత సుఖం ఇంకే బండిలోనూ నేను చూడలేదు. ఆ సుఖానికి వడ్డీతో సహా వెనక చక్రాల దగ్గర కట్టించుకుంటుంది.

అంబాసిడర్ వెనక ఇరుసు ఒకే గొట్టం. హెరాల్డ్‌ది అలా కాదు. ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే డిఫరెన్షియల్ ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. దాని నెత్తిన అడ్డంగా ఒకే కమాన్ కట్ట. కట్ట రెండు కొసల నుంచి నిలువు లింకులు కిందికి దిగుతాయి. అటో షాఫ్టు, ఇటో షాఫ్టు, వేటికవి పైకీ కిందికీ ఊగుతాయి. షాఫ్టు లోపలి కొసకి యూజే క్రాస్ (యూనివర్సల్ జాయింట్), బయటి కొస టేపర్, అంటే కొసకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఆ టేపర్ మీద కీ (హబ్, షాఫ్టు కలిసి తిరిగేలా గాడిలో పెట్టే చిన్న ఉక్కు ముక్క) పెట్టి హబ్‌ని కూర్చోబెట్టి, పైన నట్టు బిగిస్తారు. బేరింగులూ సీలూ హబ్ వెనకాల ఉంటాయి. అంటే బేరింగు మార్చాలన్నా, సీలు మార్చాలన్నా హబ్ ఊడాల్సిందే. ఈ హబ్ ఊడదీయడానికి కంపెనీ రోజుల్లోనే చర్చిల్ వాళ్ల ప్రత్యేకమైన పుల్లర్ (లాగే పరికరం) ఉండేది, ఎస్ 109 సి అని. మామూలు పుల్లర్‌తో కాదని కంపెనీకే తెలుసన్నమాట. ఈ మాట నాకు కూడా తెలుసు. తెలిసీ చేశాను, అది తర్వాత చెప్తాను.

బండి సికింద్రాబాద్ వైపు ఒక పాత ఇంట్లో, రేకుల షెడ్డు కింద ఇరవై ఏళ్లకు పైగా నిలబడిపోయింది. ఓనరు వాళ్ల నాన్నగారి బండి. షెడ్డుకి ఎడమ పక్క గోడ లేదు, వానజల్లు నేరుగా ఎడమ వెనక చక్రం మీద పడుతుంది. పెట్టినప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేశారు.

ఆయనకి ఇంకో ఆలోచన కూడా ఉంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల కింద బండిని రిజిస్టర్ చేయించాలని. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన బండి కావాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో చెప్పుకోదగ్గ మార్పులు ఉండకూడదు. నంబరు ప్లేటులో ‘వీఏ’ అని వస్తుంది. కాబట్టి ‘ఈ తలనొప్పి ఎందుకు, వేరే బండి ఇరుసు వేసేద్దాం’ అనే దారి మొదటి రోజే మూసుకుపోయింది. నిజం చెప్పాలంటే నిబంధన లేకపోయినా నేను ఆ దారిన వెళ్లేవాణ్ణి కాదు.

వచ్చిన సమస్య

ట్రాలీ మీద నుంచి దింపితే ఎడమ వెనక చక్రం తిరగలేదు, నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. కుడిది తిరిగింది కానీ ఇసుక నమిలినట్టు గరగర. పైగా క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకి తుప్పుతో అతుక్కుపోయింది. దాని గురించి పెద్దగా చెప్పుకునేదేం లేదు. హెరాల్డ్‌లో గేర్‌బాక్స్ కారు లోపలి నుంచే, సీట్ల మధ్య కవరు తీసి బయటికి లాగొచ్చు. ప్రెషర్ ప్లేటు విప్పాక చెక్క చీలిక పెట్టి రెండు దెబ్బలు వేస్తే ప్లేటు వచ్చేసింది, లైనింగు సగం ఫ్లైవీలు మీదే మిగిలింది.

ఎడమ డ్రమ్ కూడా కష్టం మీద వచ్చింది. అడ్జస్టర్‌లో డీజిల్ పోసి రాత్రంతా వదిలి, పొద్దున వెనక్కి తిప్పాం. డ్రమ్ చుట్టూ చెక్క సుత్తితో కొడుతూ వస్తే ఊడింది. లోపల దుమ్ముని తడిబట్టతో తుడిచాం. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టి ఎగరగొట్టే అలవాటు మా షెడ్డులో మానిపించాను.

డ్రమ్ తీయగానే హబ్ కనిపించింది. నట్టు కింద వాషరు చుట్టూ ఎర్రగా పొడి. మా కుర్రాడు చూసి, ‘మస్తు తుప్పు పట్టింది అన్నా’ అన్నాడు. నేనూ అదే అనుకున్నాను, వాన పడే పక్క కదా అని. ఆ పొడిని వేలితో తాకి కూడా చూశాను. గోధుమరంగులో, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంది. అక్కడే ఆగి ఉంటే ఈ కేసు సగం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఎడమ వైపు మూడు ప్రయత్నాలు

పెద్ద పానాకి ఆరడుగుల పైపు తగిలిస్తే నట్టు వదిలింది. అనుకున్న దానికంటే తేలిగ్గా వదిలింది. అది రెండో సూచన. దాన్నీ పట్టించుకోలేదు, సంతోషపడ్డాను.

మొదట మూడు కాళ్ల పుల్లర్ వేశాను. కారణం? గోడకి వేలాడుతోంది కాబట్టి. ఇంతకంటే గొప్ప కారణం లేదు. కాళ్లు హబ్ ఫ్లాంజి (చక్రం ఆనే పళ్లెం లాంటి భాగం) అంచుని పట్టుకున్నాయి, నడిమి బోల్టు షాఫ్టు కొస మీద ఆనింది. బిగిస్తూ పోయాను. బోల్టు పావు చుట్టు తిరిగింది. ఇంకో పావు. చేతికి ఒకే రకమైన బరువు తగులుతోంది, కానీ బోల్టు తిరుగుతూనే ఉంది. ‘వస్తోంది’ అన్నాను. కుర్రాడు కింద నుంచి చూసి, ‘ఎక్కడొస్తుంది అన్నా, సందు అట్లనే ఉంది’ అన్నాడు. తీసి డయల్ గేజ్ పెట్టి చూస్తే ఫ్లాంజి అరమిల్లీమీటరు పైగా వంగింది. హబ్ బాస్, అంటే షాఫ్టు మీద కూర్చునే నడిమి మందపాటి భాగం, ఒక్క చుక్క కూడా కదల్లేదు. నేను బోల్టు తిప్పిన మేరకు ఫ్లాంజి గొడుగులా వంగిందంతే.

దీని వెనక లెక్క చాలా చిన్నది. హబ్ పట్టుకున్నది నడుమ, బాస్ దగ్గర. నేను లాగింది అంచు దగ్గర. ఈ రెండింటి మధ్య ఉన్న పల్చని రేకులాంటి ఫ్లాంజి ఆ బరువంతా మోసింది.

రెండోసారి సమ్మెట. నట్టుని షాఫ్టు కొసకి సమంగా తెచ్చిపెట్టి, ఇత్తడి దిమ్మె అడ్డం పెట్టి కొట్టాను. ఆరేడు దెబ్బలకి షాఫ్టు చూడీల (మరల) మొదటి చుట్టు నలిగింది. హబ్ మామూలే. స్టాండ్ల మీద నిలబెట్టిన బండి మెత్తని దాకలి లాంటిది. దెబ్బ వేస్తే షాఫ్టు వెనక్కి ఊగుతుంది, రబ్బరు బుష్‌లు నొక్కుకుంటాయి, కమాన్ కట్ట కొంచెం మింగుతుంది. టేపర్ దగ్గరికి వచ్చేసరికి దెబ్బలో ఏమీ మిగలదు. పైగా ఆ కొంచెమూ వెళ్లేది యూజే క్రాస్ మీదికి.

మూడోది మంట. బ్లో ల్యాంప్‌తో ఇరవై నిమిషాలు. డిక్కీలోని పెట్రోల్ ట్యాంకుని ముందే విప్పి బయట పెట్టాం, అదొక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని. హబ్ వేడెక్కింది. లోపల గ్రీజు కరిగి కారి పొగ వచ్చింది. పుల్లర్ బిగిస్తే ఏమీ లేదు. ఇనుము వేడికి సాగుతుంది నిజమే. సుమారు 25 మిల్లీమీటర్ల బోరు తీసుకుంటే, హబ్‌కీ షాఫ్టుకీ 150 డిగ్రీల తేడా ఉన్నప్పుడు సందు 0.045 మిల్లీమీటరు పెరుగుతుంది. ఇందులో ముఖ్యమైన మాట ‘తేడా’. చిన్న మంటతో మెల్లగా ఇరవై నిమిషాలు కాస్తే హబ్‌తో పాటు షాఫ్టూ వేడెక్కుతుంది. రెండూ సమానంగా సాగితే సందు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ సాయంత్రం పక్క షెడ్డు ఆయన వచ్చి, గ్యాస్ కట్టర్‌తో హబ్‌ని కోసి పారేయమన్నాడు. ‘ఎంతసేపు దానితో కుస్తీ?’ ఆ మాటతో నాకు కోపం వచ్చింది. ఆ కోపం వల్లే పని ఆపి ఇంటికి వెళ్లాను.

ఏది పోయినా పర్వాలేదు?

మర్నాడు పానా పట్టకుండా కూర్చుని ఒక కాగితం మీద రాసుకున్నాను: ఇక్కడ ఉన్న వస్తువుల్లో ఏది పోతే ఎంత నష్టం? బేరింగులూ సీలూ ఎలాగూ మారుస్తాం. వాటికి మంట తగిలినా పర్వాలేదు. నిలువు లింకు కింద ట్రనియన్ (ఊగే కీలు) బోల్టు కూడా బుష్‌లో పట్టేసింది, అది మామూలు బోల్టు, కోసేయొచ్చు. హబ్ మన దగ్గర దొరకడం కష్టం, బ్రిటన్ నుంచి తెప్పించాలి. షాఫ్టుదీ అదే కథ, కానీ టేపర్ దానిదే, చూడీలు దానివే, కాబట్టి షాఫ్టే అన్నిటికంటే విలువైనది. ఎడమ హబ్ ఎలాగూ వంగింది. అందువల్ల ఎడమ వైపు షాఫ్టుని కాపాడాలి, హబ్ పోతే పోనీ. కుడి వైపు రెండూ దక్కాలి.

ఈ తీర్మానంలో ఒక తప్పు ఉంది. అప్పటికి నాకు తెలియదు.

రెండో నిర్ణయం: పని బండి మీద కాదు, బల్ల మీద చేయాలి. డిఫరెన్షియల్ దగ్గర నాలుగు బోల్టులు, బ్రేక్ హోస్, హ్యాండ్‌బ్రేక్ వైరు, షాక్ అబ్జార్బర్, రేడియస్ ఆర్మ్ విప్పాం. నిలువు లింకు కింద జాకీ పెట్టకుండా ట్రనియన్ బోల్టు ముట్టుకోకూడదు, కమాన్ కట్ట బిగువు ఆ లింకు మీదే ఉంటుంది. బోల్టుని రెండు పక్కలా హ్యాక్‌సా బ్లేడుతో కోశాం. బ్లేడు పట్టే సందు తక్కువ, బ్లేడుకి గుడ్డ చుట్టి చేత్తోనే కోయాలి. రెండు వైపులకీ కలిపి కుర్రాడు నాలుగు గంటలు కోశాడు. ఆ సాయంత్రం వాడికి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు నా ఖాతాలో.

ప్లేటు

ఈసారి హబ్‌ని అంచు దగ్గర కాకుండా చక్రం స్టడ్ల దగ్గర పట్టుకుని లాగే ప్లేటు చేయిద్దామనుకున్నాను. బాలానగర్‌లో తెలిసిన లేత్ ఉస్తాద్ ఉన్నారు. ఆయన దగ్గర 25 మిల్లీమీటర్ల మందం మైల్డ్ స్టీల్ పట్టీ తీసుకున్నాం, పొడవు 300, వెడల్పు 110. హెరాల్డ్ చక్రం స్టడ్లు నాలుగు, 95.25 మిల్లీమీటర్ల వృత్తం మీద ఉంటాయి, అంటే మూడుంబావు అంగుళాలు కాదు, మూడుంముప్పావు. ఈ మాట నేను ఫోన్లో తప్పు చెప్పి, వెంటనే మళ్లీ ఫోన్ చేసి సరిదిద్దాను. ఉస్తాద్ నవ్వి, ‘భాయ్, వృత్తం వద్దు, పక్క పక్క స్టడ్ల మధ్య దూరం చెప్పు, నేను అదే కొలుస్తా’ అన్నారు. వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే సాధనం) కొలిస్తే 67.35 మిల్లీమీటర్లు. ఆయన అడిగింది సరైన కొలత. నాలుగు స్టడ్ల వృత్తానికి మధ్య బిందువు మన చేతికి దొరకదు, పక్క స్టడ్డు దొరుకుతుంది.

ప్లేటు మధ్యలో ఎమ్24 ఫైన్ (24 మిల్లీమీటర్ల బోల్టుకి సన్న) చూడీ కోయించాం. బోల్టు రాణిగంజ్‌లో హై టెన్సైల్‌ది కొన్నాను. బోల్టు కొసకీ షాఫ్టుకీ మధ్య గట్టి ఉక్కు గిన్నె ఒకటి, షాఫ్టు కొస చెడిపోకుండా. ప్లేటుని నేరుగా హబ్‌కి ఆనించలేం. షాఫ్టు కొస, నట్టు ముందుకు పొడుచుకు వస్తాయి, మంట లోపలికి వెళ్లే సందూ కావాలి. అందుకని స్టడ్ల మీదికి పొడవాటి కప్లింగ్ నట్లు తయారు చేయించాం. ఈ బండి స్టడ్లు 3/8 యూఎన్ఎఫ్ (అంగుళాల కొలత సన్న చూడీ), మెట్రిక్ నట్టు ఎక్కినట్టే ఎక్కి రెండో చుట్టులో చూడీని నాశనం చేస్తుంది. మొత్తానికి ఒక పుల్లర్ ఖర్చు రెండున్నర వేల లోపే అయింది.

పట్టీని 300 పొడవు ఎందుకు తీసుకున్నానంటే, దాని రెండు కొసలూ బల్ల మీద రెండు రైలు పట్టా ముక్కల మీద ఆనాలి. హబ్ ప్లేటుకి వేలాడాలి, హబ్‌కి షాఫ్టు వేలాడాలి. బోల్టు నెత్తిన దెబ్బ వేస్తే ప్లేటూ హబ్బూ పట్టాల మీద కదలకుండా ఉంటాయి, షాఫ్టుకి మాత్రం కిందికి పోవడానికి ఖాళీ ఉంటుంది. కింద పాత టైరు, దాని మీద గోనెసంచులు. నట్టు మాత్రం పూర్తిగా తీయకూడదు. రెండు మూడు చూడీలు పట్టి ఉండాలి, లేకపోతే వదిలిన క్షణంలో షాఫ్టు కాలి మీద పడుతుంది.

కుడి వైపు

ముందు కుడిది పెట్టాను. ఎడమ దాని మీద నా నమ్మకం పోయింది, కొత్త పద్ధతి పనిచేస్తుందో లేదో బాగున్న దాని మీద తెలుసుకుందామని.

నూనె గురించి ఒక మాట. గట్టిగా కూర్చున్న టేపర్‌లోకి నూనె పోదు, ఏ డబ్బా మీద ఏం రాసినా సరే. కానీ ఈ టేపర్‌లో కీ ఉంది, కీ గాడి ఉంది. వాషరు తీస్తే గాడి కొస కనిపిస్తుంది. షాఫ్టుని పక్కకి పడుకోబెట్టి, గాడి పైకి వచ్చేలా తిప్పి, అసిటోన్, గేర్ ఆయిల్ సగం సగం కలిపి ఇంజక్షన్ సిరంజితో గాడి వెంట పోశాను. రెండు రోజులు, పూటకోసారి. రెండో రోజు సాయంత్రానికి హబ్ వెనక పక్క అంచున సన్నగా తడి కనిపించింది. నూనె ఆ పక్కకి దారి కనుక్కుంది.

మూడో రోజు పొద్దున బిగించే ముందు వెర్నియర్‌తో హబ్ ముఖం నుంచి షాఫ్టు కొస దాకా కొలిచి సుద్దతో బల్ల మీద రాశాను. టార్క్ పానాతో 200 న్యూటన్ మీటర్లు. ఎమ్24 బోల్టు మీద ఇది నాలుగు టన్నులకు పైనే తోస్తుంది, ఒక్కో స్టడ్డు మీద టన్ను పైచిలుకు. అంతకంటే బిగించదలుచుకోలేదు. ఇంకా బలం కావాలంటే దెబ్బతో ఇవ్వాలి, బిగింపుతో కాదు.

రెండు కిలోల సుత్తితో బోల్టు నెత్తిన ఒకే దెబ్బ, గట్టిగా. కొలిచాను, మార్పు లేదు. టార్క్ పానా పెట్టాను, 200 దగ్గరే టిక్కుమంది, బోల్టు తిరగలేదు. ఇంకో దెబ్బ. ఈసారి బోల్టు కొంచెం తిరిగింది. ఇక్కడే ఎడమ వైపు నేను ‘వస్తోంది’ అన్నది. ఈసారి వెర్నియర్ పెట్టాను: 0.1 మిల్లీమీటరు. నిజంగా కదిలింది. మూడో దెబ్బకి పెద్ద చప్పుడేమీ లేకుండా, పాత తలుపు గొళ్లెం పడ్డట్టు ‘ఠక్’మని హబ్ వదిలేసింది. షాఫ్టు నట్టు మీద వేలాడుతోంది. కుర్రాడు నా వైపు చూసి ఏమీ అనలేదు.

టేపర్ మీద తుప్పు నల్లగా, అక్కడక్కడా. కీ అంచులు పదునుగా ఉన్నాయి. అలా ఉండాలి.

మళ్లీ ఎడమ వైపు

ఎడమది నాలుగు రోజులు నానింది. అదే 200, అదే సుత్తి. పది దెబ్బలకి వెర్నియర్ వెంట్రుకంత కూడా మారలేదు. అప్పుడు గ్యాస్ సెట్ తెచ్చాం. ఈసారి లెక్క వేరు: పెద్ద మంట, తక్కువ సమయం, బాస్ చుట్టూ ఆపకుండా తిప్పుతూ. ఎర్రబడనివ్వకూడదు. ఉష్ణోగ్రత చూడటానికి నేను వాడేది ఎలక్ట్రానిక్స్ వాళ్ల 60/40 సోల్డర్ తీగ. బాస్ మీద ఆనిస్తే సుమారు 190 డిగ్రీల దగ్గర కరిగి జారుతుంది. జారిందంటే మంట పక్కన పెట్టి సుత్తి అందుకోవాలి. మొదటిసారి జారడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దెబ్బ వేశాను, లేదు. చల్లారనిచ్చాం, పూర్తిగా, చేత్తో పట్టుకునేంత. సగం వేడిలో మళ్లీ కాస్తే బ్లో ల్యాంప్ కథే అవుతుంది. మూడోసారి కాసినప్పుడు సుత్తి ఇంకా చేతిలోకి రాకముందే వదిలేసింది. షాఫ్టు గోనెసంచుల మీదికి జారి పడింది. నలిగిన చూడీ దగ్గర నట్టు పట్టు ఆగలేదు.

అందరం కేక వేశాం. ఓనరుకి ఫోన్ చేశాను. ఆయన స్వీట్ బాక్స్‌తో వచ్చారు.

టేపర్ చూశాక

మర్నాడు టేపర్‌ని శుభ్రం చేస్తే సంతోషం దిగింది. కుడి దానిలా నల్లటి మచ్చలు కావు, చుట్టూ ఎర్రటి పట్టీలు, చేప పొలుసుల్లా చిన్న గుంటలు. కీ ఒక పక్క నలిగి మెట్టులా తయారైంది. ఇది వాన తుప్పు కాదు. హబ్ సరిగ్గా బిగించకుండా బండి నడిచింది. నడిచినప్పుడల్లా హబ్ టేపర్ మీద కంటికి కనిపించనంత కదిలి, రాసుకుని, ఆ రాపిడి పొడి మళ్లీ తుప్పుపట్టి సందంతా సిమెంటులా నిండింది. వాన తుప్పు పెచ్చులుగా లేస్తుంది. రాపిడి పొడి పౌడరులా ఉంటుంది. మొదటి రోజు నా వేలికి అంటింది అదే. నట్టు తేలిగ్గా వదలడానికి కారణమూ అదే.

ఓనరుని అప్పుడు అడిగాను, బండి ఆపేసే ముందు వెనక ఏదైనా చప్పుడు వచ్చేదా అని. ఆయన ఆలోచించకుండానే చెప్పారు: ‘వచ్చేది సార్. నాన్నగారు రివర్స్ వేసి మళ్లీ ముందుకు పోనిచ్చినప్పుడల్లా టక్‌మనేది. క్రాస్ పోయింది అనేవారు.’ క్రాస్ కాదు, కీ. ఈ ప్రశ్న నేను మొదటి రోజు అడగలేదు. బండి ఎన్నేళ్లుగా ఆగి ఉందో అడిగాను, ఎందుకు ఆగిందో అడగలేదు.

వదులు హబ్‌తో నడిచిన షాఫ్టుకి కీ గాడి మూలల దగ్గర పగుళ్లు వస్తాయి. హెరాల్డ్‌లో అక్కడ షాఫ్టు విరిగితే హబ్‌తో సహా చక్రం బయటికి పోతుంది, ఆపడానికి ఇంకేమీ లేదు. బాలానగర్‌లోనే డై పెనెట్రెంట్ పరీక్ష చేయించాను. ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే పగులు ఉన్నచోట ఎర్ర గీత తేలుతుంది. కీ గాడి లోపలి మూల నుంచి సుమారు ఎనిమిది మిల్లీమీటర్ల గీత తేలింది, పెన్సిల్‌తో గీసినట్టు. కుడి షాఫ్టు మీద ఏమీ లేదు.

పదకొండు రోజులు నేను కాపాడింది పారేయాల్సిన షాఫ్టుని. పారేసింది బాగున్న హబ్‌ని. ఆ పొడి రాపిడి వల్ల వచ్చిందని మొదటి రోజే గుర్తుపట్టి ఉంటే నా కాగితం మీద వరుస తలకిందులయ్యేది. షాఫ్టు మీద అనుమానం ఉన్నప్పుడు దాన్నే బలి ఇవ్వొచ్చు. నట్టు వెనక నుంచి కొస కోసి, మధ్యలో పెద్ద బోరు వేసి పల్చన చేస్తే టేపర్ పట్టు వదులుతుంది, హబ్ చెక్కుచెదరకుండా దక్కుతుంది. పక్క షెడ్డు ఆయన ‘కోసెయ్’ అన్నాడు. కోయడం సరైనదే, ఆయన చూపించిన వస్తువు తప్పు. నేను రెంటినీ కలిపి కాదన్నాను.

ఎడమ వైపు షాఫ్టు, హబ్, కీ బ్రిటన్ నుంచి తెప్పించాం. ట్రయంఫ్ బండ్లు అక్కడ ఇంకా చాలామంది నడుపుతారు కాబట్టి దొరికాయి. షిప్పింగు, కస్టమ్స్ కలిపితే వస్తువు ధర కంటే ఎక్కువైంది. మూడు కాళ్ల పుల్లర్ వాడకుండా ఉంటే హబ్ డబ్బు మిగిలేది, అందుకని హబ్ ఖర్చు నా లెక్కలో వేసుకున్నాను. ఓనరు వద్దన్నారు. నేను వినలేదు.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి

ఆ తర్వాత ఇంకో హెరాల్డ్, ఒక పాత మోరిస్ వచ్చాయి. టేపర్ మీద కూర్చున్న ఏ హబ్ అయినా సరే, ఇప్పుడు నట్టు విప్పే ముందే వాషరు దగ్గర పొడిని తెల్ల కాగితం మీద దులిపి చూస్తాను. మెత్తగా ఉంటే షాఫ్టు మీద అనుమానంతో మొదలుపెడతాను. నట్టు ఎంత తేలిగ్గా వదిలిందో రాసిపెడతాను. బిగించిన ప్రతిసారీ బోల్టు తిరిగిందా అని కాదు, వెర్నియర్ మారిందా అని చూస్తాను. బోల్టు తిరిగి వెర్నియర్ మారకపోతే ఎక్కడో ఏదో వంగుతోంది, వెంటనే ఆపేయాలి. మూడు కాళ్ల పుల్లర్ గోడ మీదే ఉంది, కానీ బేరింగుల పనికి మాత్రమే. దాని పక్కన ప్లేటు వేలాడుతోంది, దాని మీద సుద్దతో 67.35 అని ఉంది.

తిరిగి బిగించేటప్పుడు రెండు టేపర్లకీ ప్రష్యన్ బ్లూ (ఎక్కడ ఆనుతోందో చూపే నీలి రంగు) పూసి, హబ్ తొడిగి తీసి చూశాం. కొత్త హబ్ ఎడమ షాఫ్టు మీద పెద్ద కొస వైపు మాత్రమే అంటింది. వాల్వ్ గ్రైండింగ్ పేస్టుతో కొంచెం కొంచెం రుద్ది, చుట్టూ సమంగా అంటే దాకా తెచ్చాం. పేస్టు కడిగేశాక టేపర్‌కి గ్రీజు పూయలేదు, పొడిగానే బిగించాం. టేపర్ పట్టుకునేది రాపిడితోనే, జారుడు పెట్టి పట్టుకోమంటే ఎలా? బిగించేటప్పుడు కీ గాడిలో పైకి ఎక్కకుండా చూసుకోవాలి. ఎక్కితే హబ్ కీ మీద కూర్చుంటుంది, టేపర్ మీద కాదు, నట్టు మాత్రం బిగిసినట్టే ఉంటుంది. పాత ఎడమ కీ మీద ఉన్న మెట్టు చూస్తే, ఎప్పుడో ఎవరో అలాగే బిగించారని నా అనుమానం.

బండి బయటికి వెళ్లాక నూరు కిలోమీటర్లకి ఒకసారి, అయిదు వందలకి ఒకసారి తెమ్మన్నాను. నూరు దగ్గర ఎడమ నట్టు ఇంకాస్త బిగుసుకుంది, కుడిది బిగుసుకోలేదు. అయిదు వందల దగ్గర రెండూ ఇంకేం బిగుసుకోలేదు. డ్రమ్ములు తీసి వాషర్ల చుట్టూ తెల్ల గుడ్డతో తుడిచాను. కుడి గుడ్డ మీద బ్రేక్ దుమ్ము, నల్లగా. ఎడమ గుడ్డ మీద కూడా నల్లగానే ఉంది.